కరెంటు పోయినప్పటి నీళ్లు ఎవరివి

సాఫ్ట్‌వేరుకు పేటెంటు ఇవ్వవచ్చా, కూడదా అన్న విషయం మీద ప్రజల అభిప్రాయం తెలుసుకుంటున్నామని, ఎవరైనా వచ్చి మాట్లాడవచ్చని నా ఫోనుకు ఒక ప్రకటన వచ్చింది. సభ కర్నూలులోనే, ఒక హోటలు మేడ మీది హాల్లో. ఓర్వకల్లు వైపు కొత్త పరిశ్రమలు వస్తున్నాయి కాబట్టి ఈసారి ఇక్కడ పెట్టారట. ప్రకటన మొత్తం ఇంగ్లీషులో ఉంది. ముందుగా రాసి పంపదలచినవాళ్లు ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ పంపాలని కింద చిన్న అక్షరాల్లో ఉంది. చదివి ఫోను పక్కన పడేశాను. పప్పుకు తాలింపు వేసి వచ్చి మళ్లీ చదివాను. రెండోసారి ఇంకా ఎక్కువ మండింది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. ఉండనివ్వండి. నా ముక్కు, నా కోపం. ఈ ఒక్క విషయంలో మాత్రం నా కోపానికి కారణం అడిగినవాళ్లకు మొదటి నుంచి చివరి దాకా చెప్పగలను.

నేను కల్లూరులో ఉంటాను. చదివింది కంప్యూటర్లు. కొన్నేళ్లు బెంగళూరులో ఒకరి కింద పనిచేసి, విసుగెత్తి తిరిగి వచ్చేశాను. ఇప్పుడు ఇంటి ముందు గదిలో కూర్చుని బండల ఫ్యాక్టరీలకూ నర్సింగ్ హోములకూ, ఎవరడిగితే వాళ్లకు చిన్న చిన్న ప్రోగ్రాములు రాసి ఇస్తాను. వాటిలో నేను మనసు పెట్టి రాసింది ఒక్కటే. పొలంలో మోటారు నడిపే పెట్టె కోసం రాసింది.

మా వైపు బోరు మోటార్లకు సెల్లు స్టార్టర్ అని ఒక పెట్టె ఉంటుంది. అందులో సిమ్ము వేస్తారు. రైతు ఇంట్లో కూర్చుని దానికి మిస్డ్ కాల్ ఇస్తే పొలంలో మోటారు తిరుగుతుంది, ఇంకో కాల్ ఇస్తే ఆగుతుంది. కల్లూరులో షేర్ ఆటోలు ఆగే మలుపు దగ్గర ఒక సాయిబు ఈ పెట్టెలు తయారు చేసి అమ్ముతాడు. నేను ఆయన్ని అన్నా అంటాను, ఆయన నన్ను చెల్లెమ్మా అంటాడు. ఇనుప డబ్బా, తీగలు, స్విచ్చులు ఆయన చూసుకుంటాడు. లోపల నడిచే ప్రోగ్రాము నాది.

ఆ ప్రోగ్రాములో ఒక రూలు ఉండేది. గొడవంతా దాని గురించే. అది మా అక్క పెట్టిన రూలు.

మా అక్కను ఓర్వకల్లు దాటి లోపలికి, రాళ్లగుట్టల మధ్య ఉన్న ఒక ఊరికి ఇచ్చారు. అక్కడ వాళ్లది దాయాదుల బోరు. నాలుగు ఇళ్లవాళ్లు భూములైతే పంచుకున్నారు గానీ బోరును కోసి పంచుకోలేరు కదా. అందుకని వంతులు పెట్టుకున్నారు. ఈ రోజు ఒక ఇంటిది, రేపు ఇంకో ఇంటిది. వంతు వచ్చినవాళ్లు ఆ రోజు పొలాల కరెంటు ఉన్నంతసేపూ నీళ్లు పారించుకుంటారు. మరి మధ్యలో కరెంటు పోతే? పాత పద్ధతిలో అది వాళ్ల ఖర్మ. ఎవరి వంతులో పోతే వాళ్ల నీళ్లు పోయినట్టే.

ఒక ఏడాది వానలు ముఖం చాటేశాయి. బోరు సన్నగా పోస్తోంది. దాయాదుల్లో పెద్దాయన ఒకాయన ఉన్నాడు, అక్కకు వరసకు బావ అవుతాడు, అందుకే ఇంట్లో అందరం పెద్దబావ అంటాం. ఆయన వంతు వచ్చిన రోజే కరెంటు పోతూ వచ్చింది. ఆయన వేరుశనగ అప్పుడు ఊడలు దిగే దశలో ఉంది. ఊడ భూమిలోకి దిగేటప్పుడు తడి లేకపోతే కాయ పట్టదు, పైన ఎంత పచ్చగా ఉన్నా కింద ఏమీ ఉండదు. మిగతా మూడు ఇళ్లవాళ్లూ చూసీ చూడనట్టు ఉన్నారు. మాటలు ఆగిపోయాయి. ఆడవాళ్లు కూడా ఒకరి వాకిట్లోకి ఒకరు పోవడం మానేశారు.

నేను అప్పుడు కాలేజీ సెలవులకు అక్క దగ్గర ఉన్నాను. మోటారు కొట్టం దగ్గర మగవాళ్లంతా నిలబడి అరుచుకుంటున్నారు. అక్క చంటిబిడ్డను ఒళ్లో వేసుకుని పక్కనే పైపు మీద కూర్చుని ఉంది. అరిచి అరిచి వాళ్లు ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడు ఆమె అంది.

“కరెంటు బావకొక్కనికే పాయనా? అందరికీ పాయ గదా. అట్లయితే నష్టం గూడా అందరిదీ.”

అంతే. పోయిన సమయాన్ని నాలుగు ఇళ్లమీదా వేద్దామంది. అందరూ తమ తమ వంతుల్లోంచి కొంచెం కొంచెం కోసి, పోగొట్టుకున్నవాళ్లకు ఇవ్వాలి. ఇద్దరికి పోతే, ఎవరి పైరు ఊడల మీదో పూత మీదో ఉందో వాళ్లకు ముందు ఇవ్వాలి. మగవాళ్లు గొణిగారు, ఆడదానికెందుకీ పెత్తనం అన్న చూపులు చూశారు, చివరికి సరే అన్నారు. పెద్దబావ పైరు నిలబడింది. అప్పటి నుంచి ఆ బోరు కింద అదే పద్ధతి. పెళ్లిళ్లకూ ఊరి దేవర పండగలకూ వచ్చిన చుట్టాలు విని పోయి తమ బోర్ల కింద కూడా పెట్టుకున్నారు.

తరవాత కొన్నేళ్లకు ఒక కంపెనీవాళ్లు ఆ ఊరికి వచ్చారు. రైతుల జీవితాలు మార్చేస్తామని చొక్కాల మీద అచ్చేసుకుని తిరిగే రకం. సర్వే అన్నారు. అక్క వాళ్లకు జొన్నరొట్టెలు, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టింది. మోటారు దగ్గరికి తీసుకుపోయి పద్ధతంతా విడమరిచి చెప్పింది. వాళ్లకు తప్పుగా అర్థమైన చోట మళ్లీ మొదటి నుంచి చెప్పింది. అంతా అయ్యాక, ఈ పద్ధతి ఎవరిదని వాళ్లు అడిగారు. నలుగురు దాయాదులూ అక్కడే ఉన్నారు. అక్కా ఉంది. అందరిదీ ఒకటే జవాబు. ఎవరిదీ కాదు, మామూలుగా నడుస్తా ఉండాది.

మా దగ్గర అలాగే అంటారు. బోరు వేయించినవాడు బోరు నాది అనొచ్చు. నీళ్ల తగువు తీర్చే మాట చెప్పినవాళ్లు మాత్రం ఆ మాట నాది అనకూడదు. అంటే చిన్నతనం. పైరు నిలబడినందుకు పెద్దబావ కూడా అక్కతో ఒక్క మంచి మాట అనలేదు. అని ఉంటే ఆమె సిగ్గుతో చచ్చిపోయేది. మనకు మర్యాదగా వినిపించిన ఆ జవాబు వచ్చినవాళ్లకు ఎలా వినిపించిందో తరవాత తెలిసింది. ఎవరిదీ కాదంటే మనదే అని అర్థం చేసుకున్నారు. వాళ్లు వచ్చిపోయిన సంగతి కూడా అక్క నాకు చెప్పలేదు. చెప్పడానికి అందులో ఏముందని ఆమె అనుకుంది.

ఇదేమీ తెలియని నేను ఆ తరవాత ఎప్పుడో అక్క రూలును పెట్టెలోకి ఎక్కించాను. కరెంటు పోతే పెట్టె గుర్తు పెట్టుకుంటుంది. అందరి వంతుల్లోంచి తనే కోసి, పోగొట్టుకున్నవాళ్లకు ఇస్తుంది. ఎవరి సమయమైతే వాళ్ల ఫోను నుంచి వచ్చే కాల్‌కే మోటారు తిరుగుతుంది. ఇంకొకరు ఎంత కొట్టుకున్నా తిరగదు. సాయిబన్న ఆ పెట్టెలు చాలా ఊళ్లకు అమ్మాడు. నోటి లెక్కలు వేసే పని తప్పింది. కొత్తగా సేద్యంలోకి దిగిన పిల్లలకైతే అలాంటి లెక్క ఒకటి ఉండేదని కూడా తెలియదు.

అప్పుడు వచ్చింది నోటీసు, ఆ సర్వే కంపెనీ నుంచి, సాయిబన్న షాపుకు. కరెంటు పోయిన సమయాన్ని లెక్కగట్టి, ఒకే బోరు వాడుకునే రైతుల మధ్య పంచే విధానం మీద మాకు పేటెంటు ఉంది, మీరు దాన్ని దొంగిలించారు, వెంటనే ఆపండి, లేకపోతే కోర్టులో చూసుకుందాం. ఆ పేటెంటు కాగితాలు నేను తెప్పించుకుని చదివాను. ఇంగ్లీషు ముసుగు తీసేస్తే లోపల ఉన్నది మా అక్క మాటే. ఊడల దశలో ఉన్న పైరుకు ముందు అన్నది కూడా వదల్లేదు. సొమ్మొకడిది, సోకొకడిది. పైగా సొమ్ము గలవాణ్ని పట్టుకుని దొంగ అనడం.

మన చట్టంలో ఒట్టి కంప్యూటరు ప్రోగ్రాముకు పేటెంటు ఇవ్వకూడదనే ఉంది. కానీ దానికి ఒక సెన్సరు, ఒక మోటారు తగిలిస్తే అది ఒట్టి ప్రోగ్రాము కాదని వాదించే దారి ఉంది. ఆ దారిని వెడల్పు చేయాలా, మూసేయాలా అన్నదే ఈ అభిప్రాయ సేకరణ. ఇది నాకు కడపలో ఒక లాయరు చెప్పాడు. దూరపు చుట్టం, మంచివాడు. బస్సులో కూర్చుని అంత దూరం పోతే ఆయన మజ్జిగ ఇప్పించి నిజం చెప్పాడు. గెలవొచ్చు గానీ కేసు చెన్నైలో నడుస్తుంది, ఎన్నేళ్లో చెప్పలేం, అవతలివాడికి అలసట ఉండదు అన్నాడు. ఈ సభలో మాట్లాడు, అక్కడ నమోదయిన మాటకు కొంత విలువ ఉంటుంది, ఆ రూలు మొదట పెట్టిన మనిషినే తీసుకుపో అని సలహా ఇచ్చాడు.

సాయిబన్న భయపడిపోయాడు. ఆయనను తప్పు పట్టను. ఉన్నది ఒక షాపు, దాని మీదే ఇల్లంతా.

“నేను పరేషాన్‌లో ఉండాను చెల్లెమ్మా. సభ అయ్యేదాంక ఆగుతా. ఆడ ఏమీ తేలకపోతే ఆ రూలు తీసేయల్ల, ఏమనుకోవద్దు.”

సరే అన్నాను. అక్క రూలు పెట్టెలో ఉండడమా పోవడమా అన్నది అలా ఆ హోటలు హాలు మీద పడింది.

అక్కను ఒప్పించడానికి ఊరికి వెళ్లాను. పట్నంలో మీటింగులో నేనేం మాట్లాడతా అంది. జరిగింది జరిగినట్టు చెప్పు, ఎవరు పెట్టారంటే నేనే అని చెప్పు, అంతకంటే ఏమీ వద్దన్నాను. ఆమె చేటలో కందులు చెరుగుతూ ఊఁ అంది. ఆ ఊఁ నాకు నచ్చలేదు, అయినా పట్టించుకోలేదు. తోడుగా పెద్దబావను కూడా రమ్మన్నాను. ఎవరి పైరు వల్ల ఆ రూలు పుట్టిందో ఆయనే పక్కన ఉంటే బలమని నా తెలివి.

హాల్లో ఏసీ చలి. కుర్చీలకు తెల్లటి గుడ్డలు కట్టారు. బల్లల మీద జీడిపప్పు బిస్కెట్లు. వెనక వరసల్లో ఇంజనీరింగ్ కాలేజీ పిల్లల్ని తెచ్చి నింపారు, పాపం వాళ్లు ఫోన్లు చూసుకుంటున్నారు. వేదిక మీద ఆ సభ నడపడానికి వచ్చిన ఒక రిటైరైన అధికారి, ఇద్దరు లాయర్లు, మాకు నోటీసిచ్చిన కంపెనీ తరఫున ఒక యువకుడు. నేను అతన్ని కళ్ల నిండా చూశాను. చక్కగా నవ్వుతున్నాడు. ముందు చాలాసేపు తెర మీద బొమ్మలు వేసి, పేటెంట్లు ఉంటేనే కొత్త ఆలోచనలు పుడతాయని ఒకరి తరవాత ఒకరు చెప్పారు. పేటెంటు అన్న మాట వినకుండానే చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకుని కొత్త ఆలోచన చేసిన మనిషి నా పక్కన పైట కప్పుకుని వణుకుతోంది. ఏసీ తగ్గించమని అడిగాను. ఎవరూ తగ్గించలేదు.

నా వంతు వచ్చింది. ఇంగ్లీషులో మాట్లాడగలను, కావాలనే తెలుగులో మాట్లాడాను. మనుషులు తమలో తాము పెట్టుకున్న ఒక న్యాయాన్ని తెచ్చి డబ్బాలో పడేసినంత మాత్రాన అది కొత్తగా కనిపెట్టినట్టు కాదన్నాను. డబ్బాలో పడేసే పని నేనూ చేశానని, అది పెద్ద గొప్పేం కాదని, రాత్రికి రాత్రి ఎవరైనా నేర్చుకోవచ్చని చెప్పాను. ఇలాంటి వాటికి పేటెంటు ఇస్తే రేపు పాలవాడి వాడుకకూ చీటీపాటకూ కూడా ఎవడో ఒకడు యజమాని అవుతాడన్నాను. గొంతు పెరిగిందని నాకే తెలుస్తోంది. కాలేజీ పిల్లలు ఫోన్లలోంచి తలెత్తి చూశారు.

కంపెనీ యువకుడు నన్ను మేడమ్ అని గౌరవించి జవాబు చెప్పాడు. మా రైతుల వివేకమంటే మాకు ఎంతో అభిమానం, వాళ్లు నోటితో పంచుకుంటామంటే మేమెప్పుడూ అడ్డురాము, పెట్టె చేత పంచడం మాత్రం మేము కనిపెట్టినది అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. 

అధికారి మాత్రం చెడ్డవాడు కాదు. తెలుగు తెలిసినవాడు. చప్పట్లు ఆగాక నావైపు తిరిగి నెమ్మదిగా అడిగాడు. నోటిమాటగా నడిచిన పద్ధతిని కూడా చట్టం లెక్కలోకి తీసుకుంటుందమ్మా, కానీ అది ఫలానా చోట, ఫలానా మనిషితో, వీళ్ల దరఖాస్తుకు ముందే మొదలయిందని ఎవరో ఒకరు నిలబడి చెప్పాలి కదా అన్నాడు. చెబితే తన నివేదికలో రాస్తానన్నాడు. నేను అక్క చేయి పట్టుకుని లేపాను.

ఆమె నిలబడింది. మైకు చేతికి ఇస్తే రెండు చేతులతో పట్టుకుంది. పద్ధతి గురించి అడిగితే బాగానే చెప్పింది. నష్టం అందరిదీ అన్న మాట కూడా చెప్పింది. అధికారి తల ఊపుతూ విన్నాడు. తరవాత అడిగాడు, దీన్ని మొదట పెట్టింది మీరేనా అమ్మా అని.

అక్క పెద్దబావ వైపు చూసింది. ఆయన తన చేతి కర్ర వైపు చూసుకుంటున్నాడు.

“నేనెవురు సార్. అందరం అనుకున్యాం. ఎప్పటి నుంచో నడుస్తాండాది.”

ఎప్పటి నుంచి అని ఆయన మళ్లీ అడిగాడు. శానా దినాల నుంచి అంది. నేను లేచి ఈమే పెట్టింది, నేను కళ్లారా చూశాను అన్నాను. మీరు కూర్చోండి, మీకూ ఈ తగాదాలో సంబంధం ఉంది, ఆమెను చెప్పనివ్వండి అన్నాడు అధికారి. అక్క మైకు ఇచ్చేసి కూర్చుంది. పెద్దబావ నోరు విప్పలేదు. ఆ ఒక్క మాట ఆయన అని ఉంటే సరిపోయేది. తన పైరు ఒక ఆడదాని మాట వల్ల నిలబడిందని పట్నంలో నలుగురి ముందు చెప్పుకోవడం ఆయనకు నామోషీ. ఆ నామోషీకి నా ఒళ్లు మండిపోయింది. ఇప్పటికీ మండుతుంది.

బస్టాండులో పెద్దబావ టీ తాగడానికి పోయినప్పుడు అక్కను చెడామడా తిట్టాను. అంత దూరం వచ్చి, నీ నోట్లోంచి ఒక్క మాట రాలేదా, నీ మంచితనం అమ్ముకుని ఆ కంపెనీవాడు మేడలు కట్టుకుంటాడు, నువ్వు చూస్తూ కూర్చో అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు చూస్తున్నారు. చూడనివ్వమనుకున్నాను. అక్క నేను ఆపేదాకా ఆగింది.

“నేను ఒక మాట అన్యా, అంతే గదా మే. నోటి మాటకు ఏం ఖర్చు? తమ వంతులోంచి నీళ్లు కోసిచ్చినోళ్లు వాళ్లు. ఎండపొద్దు తమ పైరును ఎండబెట్టుకొని బావకిచ్చినారు. వాళ్లను ఈడ పెట్టుకొని, అది నాది అని యాడ చెప్పల్ల నేను?”

 ఆ మాటకు నాకు ఇంకా ఎక్కువ కోపం వచ్చింది. ఆమె చెప్పింది న్యాయమే కావచ్చు. కానీ ఆ న్యాయం తెలిసినవాళ్ల మధ్యే అది చెల్లుతుంది, తెలియనివాడి ముందు అది తాళం వేయని ఇల్లు.  ఓర్వకల్లు బస్సు వస్తే ఇద్దరినీ ఎక్కించి వచ్చేశాను.

కొన్నాళ్లకు సభ నివేదిక వెబ్‌సైటులో పెట్టారు. వచ్చిన అభిప్రాయాలన్నిటినీ పరిశీలనలోకి తీసుకున్నామని రాశారు. చివరి పేజీల్లో ఎక్కడో మా సంగతి ఉంది. సాగునీటి సమయాల గురించి ఒకరు ప్రస్తావించారు, అది చర్చాంశం పరిధిలోకి రాదు. ఒక్క వాక్యం. అక్క బస్సెక్కి వచ్చి, చలికి వణికి, రెండు చేతులతో మైకు పట్టుకుని చెప్పినదంతా కలిపి ఒకరు ప్రస్తావించారు అయింది. చెవిటివాడి ముందు శంఖం ఊదితే వాడు కనీసం, ఏం కొరుకుతున్నావని అడుగుతాడు. వీళ్లు అదీ అడగలేదు.

 సాయిబన్న షాపు ముందు స్టూలు వేసి నన్ను కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. తాగి, ఏ ఊళ్లో ఎన్ని పెట్టెలున్నాయో ఇద్దరం లెక్క రాసుకున్నాం. మరుసటి వారం నుంచి ఒక్కో ఊరికీ పోయి పెట్టెల్లోంచి ఆ రూలు తీసేశాను.

అక్క ఊరికి చివర వెళ్లాను. మోటారు కొట్టంలో కింద కూర్చుని, లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, వైరు తగిలించి తీసేశాను. తీయడానికి ఎంతోసేపు పట్టలేదు, పెట్టడానికి పట్టినంత అసలే పట్టలేదు. నాలుగు ఇళ్ల పెద్దవాళ్లూ వచ్చారు. ఇకమీద పెట్టె రోజుకొకరికి వంతు ఇచ్చుకుంటూ పోతుంది, కరెంటు పోయిన సంగతి దానికి అక్కర్లేదు, పోయిన నీళ్లు మీలో మీరే చెప్పుకుని పంచుకోండి అన్నాను. ఎందుకని అడిగారు. చెప్పాను. పెట్టె చేత పంచితే దొంగతనం, నోటితో పంచుకుంటే తప్పు లేదని చెబుతుంటే నా మాట నాకే పిచ్చిగా వినిపించింది. వాళ్లు తలలు ఊపారు. దానికేముందిలే, మనం మనం ఒకటే కదా అన్నారు.

ఆ పంటకే వచ్చింది గొడవ. అక్క వేరుశనగ ఊడల మీద ఉంది. ఆమె వంతు రోజు కరెంటు సగం రోజు పోయింది. మరుసటి రోజు వంతు పెద్దబావది. ఆయన మోకాళ్ల నొప్పులతో ఇంట్లో ఉంటున్నాడు, సేద్యం ఆయన కొడుకుది. అక్క పాత పద్ధతిలో, పొద్దున ఒక గంట మాకు విడవమని మనిషితో చెప్పి పంపింది. ఆ పిల్లవాడు ఫోను చూపించి, పెట్టెలో ఈ రోజంతా నాదే ఉంది అన్నాడట. అతను అబద్ధం ఆడలేదు. పెట్టెలో అలాగే ఉంది, నేనే అలా పెట్టాను. మా బావ, అక్క భర్త, మోటారు దగ్గరికి పోయి కాలువ మడవను తన పొలం వైపు తిప్పాడు. ఆ పిల్లవాడు మళ్లీ తన వైపు తిప్పుకున్నాడు. మాటా మాటా పెరిగింది. అతని చేతిలో పైపులు బిగించే పానా ఉంది. బావ తల పగిలింది.

ఎన్నేళ్లుగానో ఆ బోరు దగ్గర ఎవరూ చేయి ఎత్తలేదు. నేను కల్లూరు నుంచి వెళ్లేసరికి బావకు కుట్లు వేసి పడుకోబెట్టారు. అందరూ పోలీస్ స్టేషన్లో ఉన్నారు. ఆ పిల్లవాణ్ని బెంచీ మీద కూర్చోబెట్టారు. చొక్కా మీద బావ రక్తం. పెద్దబావ గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. 

రైటరు, అంటే స్టేషన్లో వాంగ్మూలాలు రాసుకునే పోలీసు, అక్కను అడుగుతున్నాడు. ఆయనకు చిరాకుగా ఉంది. పెట్టెలో ఆ పిల్లోని వంతు ఉండాది, వాడు తన నీళ్లు తను పెట్టుకున్యాడు, మీ ఆయన పోయి మడవ తిప్పినాడు, తప్పు మీదే అయితాది గదమ్మా అన్నాడు. అక్క పద్ధతి చెప్పింది. కరెంటు పోతే నష్టం అందరిదీ అని, సభలో చెప్పినట్టే ఓపికగా చెప్పింది. రైటరు కలం ఆపాడు.

“అట్లని యాడుంది? ఎవరు పెట్టినారు ఈ రూలు? దీని మీదే గదా తలకాయలు పగలగొట్టుకుంటాండేది.”

నేను పెద్దబావ వైపు చూశాను. ఆయన ఈసారి కూడా నేల చూస్తున్నాడు. బెంచీ మీది పిల్లవాడు అక్క వైపు చూస్తున్నాడు. వాణ్ని చిన్నప్పుడు ఆమె చంకలో వేసుకుని తిప్పింది.

“నేనే సార్,” అంది అక్క. “రూలు నేనే పెట్టినా. వాని తప్పేం లేదు, వానికి అది ఎవురూ చెప్పల్యా. వాన్ని ఇడ్సండి.”

అంత గట్టిగా ఆమె మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. ఎప్పుడు పెట్టావని రైటరు అడిగాడు. ఏ సంవత్సరమో, ఏ నెలో, ఏ పైరు మీద ఉండగానో, ఎవరెవరు అక్కడ నిలబడి ఉన్నారో ఆమె అంతా చెప్పింది. తడుముకోలేదు. ఆయన తెలుగులో, వంకర లేకుండా, అంతా రాసుకున్నాడు. రాసి, చదివి వినిపించాడు. “సదరు నీళ్ల పంపకం పద్ధతిని తానే ఏర్పాటు చేసినట్లు ఆమె తప్పు ఒప్పుకున్నది.” సంతకం ఎక్కడ పెట్టాలని అక్క అడిగింది. ఆయన వేలితో చూపించాడు, ఆమె పెట్టింది.